ఎంప్, డెప్ట్ దాటాక: బొమ్మ గీసి డేటాబేస్ కట్టే పనిముట్లపై ఒక సమీక్ష

మధురానగర్ హాస్టళ్ళ మెట్లు దిగి పొద్దున్నే హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ బ్యాచ్‌లకు నడిచే పిల్లల సంచుల్లో ఎస్‌క్యూఎల్ నోట్సు ఒకటి తప్పకుండా ఉంటుంది. జిరాక్స్ షాపులో కొన్న ఆ నోట్సులో నాలుగు పేజీలు తిప్పితే చాలు, ఎంప్, డెప్ట్ అనే రెండు టేబుళ్ళు ఎదురవుతాయి. మొదటిదానిలో 14 మంది ఉద్యోగులు, రెండోదానిలో 4 విభాగాలు. వాటిని తెరవడానికి స్కాట్ అనే యూజర్ పేరు, టైగర్ అనే పాస్‌వర్డ్. ఒరాకిల్ తొలినాళ్ళ ఉద్యోగి బ్రూస్ స్కాట్ పేరు, ఆయన ఇంటి పిల్లి పేరు అలా మన వీధుల దాకా వచ్చాయి. ఆ టేబుళ్ళు పాఠం కోసమే పుట్టాయి. 40వ నంబర్ విభాగంలో ఒక్క ఉద్యోగీ ఉండడు; ఔటర్ జాయిన్ అర్థం కావడానికి ఆ ఖాళీ ఉపయోగపడుతుంది. ఎంప్ టేబుల్లోనే మేనేజర్ నంబర్ ఉంటుంది. ఒక టేబుల్‌ను దానితోనే జాయిన్ చేయడం అక్కడ నేర్చుకుంటాం.

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఎన్నో తరాల విద్యార్థులు ఈ రెండు టేబుళ్ళ మీదే క్వెరీలు రాయడం నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్ళారు. ఆ చదువును తక్కువ చేసి మాట్లాడను. కానీ అందులో పెద్ద లోటు ఒకటి ఉంది. ఎవరో కట్టి ఇచ్చిన టేబుళ్ళను ప్రశ్నించడం వచ్చింది, మన టేబుళ్ళు మనం కట్టుకోవడం రాలేదు. "మీరుండే హాస్టల్‌కు ఒక డేటాబేస్ డిజైన్ చేయండి" అని ఇంటర్వ్యూలో తెల్ల కాగితం ముందు పెడితే, మూడు టేబుళ్ళ జాయిన్ అలవోకగా రాసే పిల్ల కూడా పెన్ను పట్టుకుని ఆగిపోతుంది.

ఈ లోటు పూడ్చే పనిముట్లు ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఉన్నాయి. టేబుళ్ళను బొమ్మగా గీస్తే ఎస్‌క్యూఎల్ తయారు చేసి ఇచ్చేవి, ఎస్‌క్యూఎల్ ఇస్తే బొమ్మ గీసి చూపేవి, రెండూ చేసేవి ఉన్నాయి. కొన్నింటికి రూపాయి ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేసే బాధ లేదు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి, ఏం చేయగలవు, ఎక్కడ చేతులెత్తేస్తాయి, మన విద్యార్థికి వీటిలో ఏది పనికొస్తుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

బొమ్మకు యాభై ఏళ్ళు

డేటాను బొమ్మగా గీయడం బ్రౌజర్ల కంటే చాలా పాతది. 1969లోనే చార్ల్స్ బాక్‌మన్ డేటా నిర్మాణాన్ని పెట్టెలు, బాణాలతో గీసే పద్ధతి ప్రచురించారు. 1973లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1970లో ఐబీఎమ్ పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించారు. సమాచారమంతా టేబుళ్ళలో ఉండాలి, వాటి మధ్య బంధం విలువల ద్వారానే తెలియాలి అన్నది ఆయన సిద్ధాంతం. నేడు మనం వాడే ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అన్నీ దాని సంతానమే. కాడ్‌కు 1981లో అదే అవార్డు దక్కింది.

కాడ్ సిద్ధాంతం గణితంలా పటిష్ఠమైనది, కానీ దుకాణదారుతోనో గుమాస్తాతోనో కూర్చుని మాట్లాడటానికి పనికొచ్చే భాష కాదు. ఆ భాషను 1976లో పీటర్ చెన్ ఇచ్చారు. వస్తువుకు దీర్ఘచతురస్రం, వస్తువుల మధ్య సంబంధానికి వజ్రాకారం, లక్షణానికి అండాకారం. అదే ఈఆర్ డయాగ్రమ్, మన జేఎన్‌టీయూ పరీక్షల్లో ఏటా గీసే బొమ్మ. అదే కాలంలో గోర్డన్ ఎవరెస్ట్ మరో గుర్తు తెచ్చారు. గీత చివర మూడు వేళ్ళలా చీలితే 'అనేకం' అని అర్థం. కాకికాలులా ఉంటుంది కాబట్టి క్రోస్ ఫుట్ అన్నారు. ఒరాకిల్‌లో రిచర్డ్ బార్కర్ ఆ కోవ గుర్తులనే వాడి పుస్తకాలు రాశారు. నిలువు గీత అంటే ఒకటి, చిన్న సున్నా అంటే లేకపోయినా ఫరవాలేదు, మూడు వేళ్ళు అంటే ఎన్నైనా.

ఇక్కడే మన విద్యార్థికి ఒక తికమక ఎదురవుతుంది. కాలేజీలో మార్కులకోసం గీసింది చెన్ వజ్రాలు. ఉద్యోగంలో, పనిముట్లలో ఎక్కువగా కనబడేది కాకికాలు. రెండూ చెప్పేది ఒకటేనని ఎవరూ విడమరచి చెప్పకపోతే, చదువు ఒకటి, పని ఇంకొకటి అనిపిస్తుంది. వజ్రాన్ని చెరిపేసి దాని స్థానంలో ఒక గీత గానీ ఒక కొత్త టేబుల్ గానీ పెట్టడమే ఈ రెంటి మధ్య తేడా.

1990ల నాటికి ఈ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చింది: ఎర్విన్, పవర్‌డిజైనర్, ఒరాకిల్ డిజైనర్. ఇవి పెద్ద కంపెనీల లైసెన్సులతో నడిచినవి, విద్యార్థి జేబుకు అందనివి. తర్వాత వచ్చిన మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ ఉచితమే అయినా డెస్క్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, మైఎస్‌క్యూఎల్ లోకానికే పరిమితం. అందువల్ల డిజైన్ అన్నది కంపెనీలో చేరాక సీనియర్లు చేసే పనిగా మిగిలిపోయింది.

ఈ శాస్త్రానికి మన ఊరితో సంబంధం లేదనుకోనక్కరలేదు. చెన్ బాట నుంచి పుట్టిన అంతర్జాతీయ ఈఆర్ సదస్సు 41వ సమావేశం 2022 అక్టోబర్ 17 నుంచి 20 వరకు హైదరాబాద్ పేరున, ఆన్‌లైన్‌లో జరిగింది. సదస్సు వ్యాసాల సంపుటి సంపాదకుల్లో మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఆచార్యులు కమలాకర్ కర్లపాలెం ఒకరు. అంత పరిశోధన జరిగే ఊళ్ళోనే, పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న కోచింగ్ గదుల్లో డిజైన్‌కు రెండు రోజులు కూడా దక్కకపోవడం బాధ కలిగించే విషయం.

నాలుగు రకాల పనిముట్లు

బ్రౌజర్‌లో ఇప్పుడు దొరికే పనిముట్లను వాటి పేర్ల వెంట పడకుండా, అవి దేన్ని మూలంగా తీసుకుంటాయో చూసి విడదీస్తే నాలుగు రకాలు తేలతాయి.

మొదటి రకానికి బొమ్మే సర్వస్వం. డ్రా డాట్ ఐఓ, లూసిడ్‌చార్ట్ ఇందులోకి వస్తాయి. ఫ్లోచార్ట్ నుంచి ఆఫీసు గదుల ప్లాన్ దాకా ఏదైనా గీయొచ్చు, వాటి ఆకారాల పెట్టెలో ఈఆర్ గుర్తులూ ఉంటాయి. డ్రా డాట్ ఐఓ ఉచితం. బొమ్మను మన కంప్యూటర్‌లో గానీ గూగుల్ డ్రైవ్‌లో గానీ మనం కోరిన చోట దాచుకోవచ్చు. చెన్ వజ్రాలు కావాలన్నా, కాకికాలు కావాలన్నా ఇది చక్కగా పనికొస్తుంది. అయితే ఇక్కడ గీసిన టేబుల్ ప్రధానంగా ఒక ఆకారమే. ఫారిన్ కీ తప్పు టేబుల్‌కు కలిపినా అది తప్పని చెప్పదు. ఆలోచన మొదటి దశకూ, రిపోర్టులో పెట్టే బొమ్మకూ ఇది చాలు. డేటాబేస్ కట్టడానికి చాలదు.

రెండో రకానికి టేబుల్ అంటే ఏమిటో తెలుసు. 2000ల దశకంలోనే చెక్ ప్రోగ్రామర్ ఓంద్రేయ్ జారా చేసిన డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఎస్‌క్యూఎల్ డిజైనర్ ఈ దారిలో తొలి పనిముట్లలో ఒకటి. 2024లో చాలామంది దృష్టిలో పడ్డ డ్రాడీబీ ఇప్పటి ప్రతినిధి. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది, అకౌంట్ అడగదు. తెర మీద టేబుల్ పెట్టి, కాలమ్‌లు చేర్చి, ప్రైమరీ కీ గుర్తు పెట్టి, ఒక కాలమ్ నుంచి ఇంకో టేబుల్‌కు గీత లాగితే ఫారిన్ కీ సిద్ధమవుతుంది. చివరికి మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ వంటి మనకు కావలసిన డేటాబేస్‌కు సరిపడే ఎస్‌క్యూఎల్ తీసుకోవచ్చు. పాత ఎస్‌క్యూఎల్ ఉంటే దాన్నుంచి బొమ్మ కూడా వస్తుంది. చేత్తో కదిపి చూస్తూ నేర్చుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి బడి లేదని నా అభిప్రాయం.

మూడో రకంలో రాత ముందు, బొమ్మ తర్వాత. డీబీడయాగ్రమ్ అనే పనిముట్టు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. హోలిస్టిక్స్ అనే సంస్థ దీన్ని తయారు చేసి, దానికోసం డీబీఎమ్‌ఎల్ అనే చిన్న భాషను రూపొందించి ఓపెన్ సోర్స్‌గా వదిలింది. ఎడమ పక్క టేబుళ్ళ వివరాలు టైపు చేస్తుంటే కుడి పక్క బొమ్మ దానంతట అదే గీసుకుంటుంది. కుడివైపు చూసే బాణం గుర్తు పెడితే 'అనేకం నుంచి ఒకటికి', చిన్న అడ్డగీత పెడితే 'ఒకటికి ఒకటి'. మెర్మెయిడ్ కూడా ఇదే కోవ. 2022 నుంచి గిట్‌హబ్ దాన్ని నేరుగా బొమ్మగా చూపిస్తోంది. ఈ రకానికి ఉన్న పెద్ద బలం ఏమిటంటే, రాత కాబట్టి నిన్నటికీ నేటికీ ఏ వరుస మారిందో గిట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఐదారుగురు కలిసి పనిచేసే టీములకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన దారి.

నాలుగో రకం ఇప్పటికే నడుస్తున్న డేటాబేస్‌ను చదివి బొమ్మ గీస్తుంది. చార్ట్‌డీబీ ఒక క్వెరీ ఇస్తుంది. దాన్ని మన డేటాబేస్‌లో నడిపి, వచ్చిన ఫలితాన్ని అతికిస్తే టేబుళ్ళ బొమ్మ తయారు. ఆ క్వెరీ టేబుళ్ళ నిర్మాణాన్నే చదువుతుంది, లోపలి కస్టమర్ల వివరాలను కాదు. పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో ఎప్పటి నుంచో ఉన్న డిజైనర్ ట్యాబ్ కూడా ఇలాంటిదే, చాలామంది విద్యార్థులు దాన్ని ఒక్కసారి కూడా నొక్కి చూడరు. కొత్త కంపెనీలో చేరిన వ్యక్తికి మొదటి వారంలో ఈ రకం పనిముట్టు చేసే మేలు అంతా ఇంతా కాదు.

ఒక కోచింగ్ సెంటర్‌ను గీద్దాం

పనిముట్టు విలువ తెలియాలంటే మనకు తెలిసిన వ్యవహారాన్ని గీయాలి. అమీర్‌పేటలో ఒక ఊహా కోచింగ్ సెంటర్ తీసుకుందాం. దాని లెక్కలన్నీ ఒకే ఎక్సెల్ షీటులో ఉన్నాయి: విద్యార్థి పేరు, ఫోన్, కోర్సు, బ్యాచ్ టైము, ఫ్యాకల్టీ పేరు, ఫ్యాకల్టీ ఫోన్, మొదటి వాయిదా, రెండో వాయిదా, మూడో వాయిదా.

ఈ షీటులో రోగాలు మూడు. నాలుగో వాయిదా అడిగినవాడికి కాలమ్ లేదు. ఫ్యాకల్టీ ఫోన్ మారితే అరవై వరుసల్లో మార్చాలి, ఒక్కటి మరిచినా రెండు నిజాలు తయారవుతాయి. వచ్చే సోమవారం మొదలయ్యే బ్యాచ్‌లో ఇంకా ఎవరూ చేరలేదు కాబట్టి ఆ బ్యాచ్ ఉన్నట్టే షీటుకు తెలియదు. కాడ్ నార్మలైజేషన్ పేరుతో చెప్పింది ఈ రోగాల గురించే. పుస్తకంలో నిర్వచనాలుగా చదివితే బరువుగా ఉండే ఆ పాఠం, టేబుళ్ళను విడదీసి గీస్తుంటే చేతికి అర్థమవుతుంది.

ఇప్పుడు తెర మీద పెట్టెలు పెడదాం: కోర్సులు, ఫ్యాకల్టీ, బ్యాచ్‌లు, విద్యార్థులు. ఒక కోర్సుకు అనేక బ్యాచ్‌లు, కాబట్టి కోర్సు నంబర్ బ్యాచ్ టేబుల్లోకి వెళ్తుంది. ఇంతవరకు సులువు. విద్యార్థికీ బ్యాచ్‌కూ మధ్య గీత గీయబోతే చెయ్యి ఆగుతుంది. ఒకే అమ్మాయి ఉదయం జావా, సాయంత్రం ఎస్‌క్యూఎల్ చదువుతుంది. ఒక బ్యాచ్‌లో వందమంది ఉంటారు. రెండు వైపులా కాకికాళ్ళే. రిలేషనల్ టేబుళ్ళలో ఈ బంధానికి సొంత పెట్టె కావాలి. దానికి 'చేరికలు' అని పేరు పెడదాం.

ఆ చేరికల పెట్టె పెట్టాకే ఈ వ్యాపారం అసలు రూపం బయటపడుతుంది. ముగ్గురు స్నేహితులు కలిసి వస్తే ఫీజు తగ్గిస్తారు. తగ్గించిన ఫీజు ఎక్కడ రాయాలి? కోర్సు టేబుల్లో కాదు, అది అందరికీ వర్తిస్తుంది. విద్యార్థి టేబుల్లోనూ కాదు, రెండో కోర్సుకు వేరే బేరం ఉండొచ్చు. ఒప్పుకున్న ఫీజు చేరికకు చెందుతుంది. వచ్చే నెల కోర్సు ఫీజు పెంచినా పాత విద్యార్థి బాకీ మారకుండా ఉండేది కూడా అందువల్లే. వాయిదాలకు 'చెల్లింపులు' అని ఇంకో టేబుల్ పెట్టి దాన్ని చేరికకు కలిపితే, నాలుగు వాయిదాలైనా నలభై వాయిదాలైనా ఇబ్బంది లేదు.

తర్వాత ప్రశ్నలు వరుసకడతాయి. మొదటి రెండు మూడు రోజులు డెమో క్లాసు విని వెళ్ళిపోయినవాళ్ళు విద్యార్థులా, కాదా? క్లాసులు పోగొట్టుకున్నవాళ్ళు తర్వాతి బ్యాచ్‌లో మళ్ళీ కూర్చుంటే అది కొత్త చేరికా, పాతదాని కొనసాగింపా? బ్యాచ్ మధ్యలో ఫ్యాకల్టీ మారితే ఎవరి పేరు ఉండాలి? వీటికి జవాబు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. రిసెప్షన్‌లో కూర్చునే అక్కను అడిగితే తెలుస్తుంది. బొమ్మ ఉంటే ఆమెను అడగడం తేలిక. ఎస్‌క్యూఎల్ చూపిస్తే ఆమె తల తిప్పుకుంటుంది, పెట్టెలు, గీతలు చూపించి "ఒక చేరికకు ఎన్ని చెల్లింపులైనా ఉండొచ్చు, సరేనా అక్కా?" అంటే ఆమే తప్పు పట్టుకుంటుంది. డేటాబేస్ బొమ్మ మొదటి ప్రయోజనం ఇదే. కంప్యూటర్ తెలిసినవాళ్ళూ, వ్యవహారం తెలిసినవాళ్ళూ ఒకే కాగితం చూసి మాట్లాడుకోగలుగుతారు.

మన పేర్లు, మన అక్షరాలు

పనిముట్లతో వచ్చే నమూనా టేబుళ్ళను కళ్ళు మూసుకుని వాడితే మొదట దెబ్బతినేది మన పేర్లే. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు కాలమ్‌లు అందులో సిద్ధంగా ఉంటాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఒకరి సర్టిఫికెట్‌లో అది ఒక్క అక్షరం, ఇంకొకరికి పూర్తి పదం. పెళ్ళయ్యాక కొందరికి మారుతుంది, కొందరికి మారదు. రెండు కాలమ్‌లలో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు నింపితే, ఒకే మనిషి ఇద్దరవుతాడు. సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా పూర్తి పేరుకు ఒక కాలమ్, అవసరమైతే ఇంటిపేరుకు విడిగా ఒక కాలమ్ పెట్టుకోవడం మనకు తగిన పద్ధతి.

ఫోన్ నంబర్ విషయమూ అంతే. దాన్నే ప్రైమరీ కీ చేస్తే బాగుంటుందని మొదట అందరికీ అనిపిస్తుంది. హాస్టల్ పిల్లలు సిమ్ మార్చుకుంటారు, అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నాన్న నంబరే ఇస్తారు. అందుకే అర్థంతో సంబంధం లేని ఒక నంబర్‌ను కీగా పెట్టి, ఫోన్‌ను మారగల వివరంగా మాత్రమే ఉంచాలి.

తెలుగులో పేర్లు దాచాలంటే ఇంకో లెక్క ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. 'వేంకటేశ్వరరావు' కంటికి 7 అక్షరాలు, కంప్యూటర్‌కు 14 గుర్తులు, 42 బైట్లు. ఒరాకిల్‌లో వర్‌క్యార్ 20 అని రాసి వదిలేస్తే, ఆ 20 మామూలుగా బైట్ల లెక్క. తెలుగులో 6 గుర్తులకే నిండిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ అంకె గుర్తుల లెక్క కాబట్టి కొంత నయం. అయితే 8.0కు ముందు వెర్షన్లలో లాటిన్ అక్షరాల అమరికే డిఫాల్ట్, అందులో తెలుగు పేరు పెడితే ఎర్రర్ అయినా వచ్చేది, ప్రశ్నార్థకాల వరుస అయినా మిగిలేది. బొమ్మలో కాలమ్ పక్కన కనిపించే ఆ చిన్న అంకెను చూసి "ఇందులో మా తాతయ్య పేరు పడుతుందా?" అని అడగడం డిజైనర్ పని.

సర్వే నంబర్ నేర్పే పాఠం

కోచింగ్ సెంటర్ చిన్న ఉదాహరణ. డిజైన్ తప్పితే ఏమవుతుందో పెద్ద ఎత్తున చూడాలంటే భూమి రికార్డులకు మించిన పాఠం లేదు. పహాణీ, 1బి, అడంగల్ అన్నీ తరతరాలుగా మన ఊళ్ళలో నడిచిన పట్టికలే. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది.

ఇందులో మూడు డిజైన్ ప్రశ్నలు చూడండి. సర్వే నంబర్ అనగానే అంకె అనుకుని కాలమ్ పెడితే '124/అ/1' అన్న ఉప విభాగం రాగానే కథ ముగుస్తుంది. ఒక పట్టాదారుకు అనేక సర్వే నంబర్లు, ఒక సర్వే నంబర్‌లో అనేకమంది పట్టాదారులు. మళ్ళీ రెండు వైపులా కాకికాళ్ళు, మధ్యలో ఎవరికెన్ని గుంటలో చెప్పే టేబుల్ తప్పనిసరి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సర్వే నంబర్‌లో కొంత భాగంపై వివాదం ఉంటే మొత్తం నంబర్ నిషేధిత జాబితాలో చేరిందని ధరణి కాలంలో రైతులు చేసిన ఫిర్యాదులు పత్రికల్లో ఎన్నో వచ్చాయి. డిజైన్ విద్యార్థి ఈ ఫిర్యాదు నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది: నిషేధం అనే గుర్తును ఏ టేబుల్‌కు తగిలిస్తామన్న దాని మీద ఎవరి రిజిస్ట్రేషన్ ఆగుతుందో ఆధారపడుతుంది. మొత్తం నంబర్‌కు తగిలిస్తే అందరిదీ ఆగుతుంది, ముక్కకు తగిలిస్తే ఆ ముక్కదే ఆగుతుంది. భూభారతి చట్టంలో చెప్పిన భూధార్ సంఖ్య ఆలోచన కూడా డేటాబేస్ భాషలో మనకు పరిచయమైనదే. చీలిపోయే, మారిపోయే సర్వే నంబర్‌తో పాటు ఆ భూమికంటూ ఒక విడి గుర్తింపు ఇవ్వడం అది.

తెర మీద ఒక గీత ఎక్కడికి లాగుతామన్నది ఒక కుటుంబం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో నిర్ణయించగలదు. బొమ్మను తేలిగ్గా తీసుకోకూడదని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

బొమ్మ చెప్పలేనివి

ఈ పనిముట్లను మెచ్చుకుంటూనే వాటి హద్దులు కూడా చెప్పాలి.

గీతల్లోకి రాని నియమాలు చాలా ఉన్నాయి. ఒకే గదిలో ఒకే సమయానికి రెండు బ్యాచ్‌లు ఉండకూడదన్నది కోచింగ్ సెంటర్ ప్రాణసూత్రం. ఏ కాకికాలూ దాన్ని చూపించదు. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ రాయాలి, లేదా ప్రోగ్రాంలో కాపలా పెట్టాలి. కట్టిన మొత్తం ఒప్పుకున్న ఫీజును మించకూడదన్న నియమం కూడా అంతే. అందుకే ప్రతి బొమ్మ పక్కన మామూలు తెలుగులో రాసిన నియమాల జాబితా ఉండాలి.

టేబుళ్ళు ఇరవై దాటితే బొమ్మ చదవడం కష్టమవుతుంది, రెండు వందలైతే అమీర్‌పేట స్తంభాల మీది కేబుల్ వైర్లను తలపిస్తుంది. అప్పుడు ఫీజులు ఒక బొమ్మ, హాజరు ఒక బొమ్మ అని విషయాలవారీగా విడదీయాలి.

బొమ్మ ఒకటి, నడిచే డేటాబేస్ మరొకటి అయిపోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే ప్రమాదం. మొదటి రోజు అందంగా గీస్తారు; ఆర్నెల్లలో పది కాలమ్‌లు నేరుగా డేటాబేస్‌లో చేరుతాయి; బొమ్మ పాతబడి అబద్ధం చెబుతుంది. దీనికి మందు, రాతతో గీసే పనిముట్టును కోడ్‌తో పాటే భద్రపరచడం, లేదా నాలుగో రకం పనిముట్టుతో నెలకోసారి అసలు డేటాబేస్ నుంచి కొత్త బొమ్మ తీయడం.

దాచే చోటు గురించి కూడా జాగ్రత్త అవసరం. అకౌంట్ అడగని డ్రాడీబీ లాంటివి బొమ్మను ఆ బ్రౌజర్‌లోనే దాస్తాయి. ల్యాబ్‌లో నలుగురు వాడే కంప్యూటర్‌లో గీసి వచ్చేస్తే, బ్రౌజర్ డేటా ఎవరైనా తుడిచేసిన రోజు వారం కష్టం పోతుంది. రోజూ ఫైల్‌గా ఎగుమతి చేసుకోవాలి. అకౌంట్‌తో నడిచే సేవల్లో బొమ్మ వాళ్ళ సర్వర్‌కు చేరుతుంది. కంపెనీ టేబుళ్ళ నిర్మాణాన్ని అనుమతి లేకుండా అక్కడ పెట్టడం తప్పు. డ్రాడీబీ, చార్ట్‌డీబీలను సొంత సర్వర్‌లో నడుపుకునే వీలుంది కాబట్టి ఆఫీసులకు అది మేలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇంకో ప్రశ్న కూడా బొమ్మ దశలోనే అడగాలి: ఈ ఆధార్ కాలమ్ మనకు నిజంగా కావాలా? అవసరం లేని కాలమ్‌ను గీసేటప్పుడే తీసేస్తే, తర్వాత దాన్ని కాపాడే బరువు ఉండదు.

కృత్రిమ మేధ మాటేమిటి? "కోచింగ్ సెంటర్‌కు టేబుళ్ళు ఇవ్వు" అంటే క్షణాల్లో ఇస్తుంది, చాలావరకు చక్కగానే ఇస్తుంది. కానీ మన సెంటర్లో రిపీట్ బ్యాచ్ ఉచితమో కాదో దానికి మనం చెప్పాలి. అది ఇచ్చిన ఎస్‌క్యూఎల్‌ను బొమ్మగా మార్చి గీత గీతనూ ప్రశ్నించగలిగినవాళ్ళకే అది సేవకురాలు. అలా చూడటం రానివాళ్ళు అది చెప్పిందల్లా నమ్మాల్సి వస్తుంది.

ఎవరికి ఏది

ఇంతవరకు చూసినదాన్ని బట్టి నా తీర్పు ఇది. ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళు ముందు కాగితం మీద, వెంటనే డ్రాడీబీ వంటి రెండో రకంలో గీయాలి. గీసిన ప్రతిసారీ వచ్చిన ఎస్‌క్యూఎల్‌ను చదవాలి, దాన్ని నిజమైన డేటాబేస్‌లో నడపాలి. ఎస్‌క్యూఎల్ చదవకుండా బొమ్మతో ఆగిపోతే నేర్చుకున్నది సగమే. ప్రాజెక్టు చేసే టీములు డీబీఎమ్‌ఎల్ గానీ మెర్మెయిడ్ గానీ వాడి, రాతను గిట్‌లో పెట్టాలి. ఉద్యోగంలో పాత డేటాబేస్ చేతికొచ్చినవాళ్ళు చదివి గీసే పనిముట్టుతో మొదలుపెట్టాలి. రిపోర్టుకో పరీక్షకో చెన్ బొమ్మ కావాలంటే డ్రా డాట్ ఐఓ చాలు. పనిముట్టు మార్చినంత మాత్రాన డిజైన్ మెరుగుపడదు. వ్యవహారం తెలిసిన మనిషిని ఇంకో ప్రశ్న అడిగితే మెరుగుపడుతుంది.

చివరగా ఎస్‌క్యూఎల్ పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. ఎంప్, డెప్ట్‌లను తీసేయమని అడగడం లేదు. వాటి ముందు ఒక్క వారం ఇవ్వండి. మొదటి రోజు పిల్లలకు ఖాళీ తెర చూపించి, వాళ్ళుండే హాస్టల్‌ను గీయమనండి: గదులు, మంచాలు, అద్దె, మెస్ బిల్లు, మధ్యలో గది మారినవాళ్ళు. రెండో రోజు ఒకరి బొమ్మను ఇంకొకరితో తప్పులు పట్టించండి. వారం చివర ఆ బొమ్మ నుంచి వచ్చిన టేబుళ్ళలో వాళ్ళ సొంత పేర్లు, తెలుగులోనే, నింపమనండి. ఆ తర్వాత స్కాట్, టైగర్ అని లాగిన్ చేయించండి. అప్పుడు ఆ 40వ విభాగం ఎందుకు ఖాళీగా ఉందో మీరు చెప్పనక్కరలేదు, వాళ్ళే చెబుతారు.